దూడ పిలిచే దాకా

దూడకి ముహూర్తం పెట్టించారని తెలిసిన రోజు డాక్టర్ ప్రసూన మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. క్యారియర్ మూత తీసింది, మళ్ళీ ఠక్కున పెట్టేసింది. కోపం వస్తే ఆవిడకి ఆకలి చచ్చిపోతుంది. ఈ సంగతి పశు పరిశోధన కేంద్రంలో అటెండరు మొదలుకొని అందరికీ తెలుసు కాబట్టి, ఆ మూత చప్పుడు వినగానే పక్కగదిలోని ఇంజనీరు జిలానీ చల్లగా బయటికి జారుకున్నాడు.

వచ్చే బుధవారం, ఏకాదశి, వృషభ లగ్నం. ఆవుదూడకి వృషభ లగ్నం కన్నా మంచిది ఇంకేం దొరుకుతుందని డైరెక్టరు పరాంకుశం గారు ముచ్చటపడిపోయారు. మంత్రిగారికి కబురు వెళ్ళింది. షామియానా వాళ్ళు వచ్చి కొలతలు తీసుకుపోయారు. దూడకి తప్ప అందరికీ చెప్పేశారు.

ఆ దూడ ఇంకా పుట్టలేదు. అది ఏ ఆవు కడుపులోనూ లేదు. కనిగిరి దాటి పామూరు రోడ్డులో పోతే, సర్కారు తుమ్మల మధ్య ఉన్న ఆ కేంద్రంలో, ఒక అద్దాల గదిలో, ఉమ్మసంచిలో పెరుగుతోంది.

ఉమ్మసంచి జిలానీ కట్టిన యంత్రం. అవతలి వైపు కనిపించే మెత్తటి సంచి, నిండా గోరువెచ్చని ఉమ్మనీరు, మధ్యలో కళ్ళు మూసుకుని తేలుతున్న ఎర్రటి పెయ్యదూడ. దాని బొడ్డుతాడు సంచి గోడ దాటి వచ్చి ఒక పంపుకి కలుస్తుంది. ఆ పంపు దూడ రక్తాన్ని తీసుకుని, ప్రాణవాయువు ఎక్కించి, తిండి కలిపి, మురికి వడగట్టి తిరిగి పంపుతుంది. తల్లి చేసే పనులన్నీ చేస్తుంది, నాకడం ఒక్కటి తప్ప.

ఇంత హంగామా ఎందుకంటే, ఆ దూడ పొట్టెర్ర. పొట్టిగా, ఎర్రగా ఉండే ఆవు జాతి అది. పేరు పెట్టినవాళ్ళు పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఒకప్పుడు ఆ మెట్ట ఊళ్ళలో ఇంటింటా ఉండేవి. పాలు తక్కువని రైతులు వాటిని వదిలించుకుని పెద్ద పొదుగుల సంకర జాతి ఆవుల్ని తెచ్చుకున్నారు. తరవాత ఎండలు ముదిరాయి. రోహిణీ కార్తె ఎండలు మాఘమాసంలోనే దిగబడటం, పెద్ద పొదుగుల ఆవులు శివరాత్రికే ఒట్టిపోవడం మొదలయ్యాక, నడినెత్తిన సూర్యుడున్నా నింపాదిగా నెమరేస్తూ నిలబడే పొట్టెర్ర అందరికీ గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఎవరో ముందుచూపున్న మనిషి ఆబోతుల వీర్యం మాత్రం గడ్డకట్టించి దాచాడు. ఆవే లేదు.

ఆ జాతిలో ఆఖరి ఆవు కన్నుమూసింది ప్రసూన అత్తగారి కొట్టంలోనే. దాని పేరు లచ్చి. ప్రసూన కాపురానికొచ్చిన ఏడాదే, చదువు ఇంకా పూర్తికాని కొత్త కోడలు, కత్తెర పుచ్చుకుని కొట్టంలోకి వెళ్ళి, లచ్చి చెవి అంచున చిటికెన వేలి గోరంత ముక్క కోసుకుని సీసాలో వేసుకుపోయింది. చెవికి గాటు అలాగే ఉండిపోయింది. అత్తగారు సుభద్రమ్మ ఆ గాటుని మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. చుట్టాలెవరొచ్చినా, అందరిళ్ళకీ కోడళ్ళు సారె తెస్తే మా కోడలు మా ఆవు చెవి కోసుకుపోయిందని వినిపించాల్సిందే.

ఆ చెవి ముక్కలోని కణాల నుంచే పిండాలు తయారయ్యాయి. మామూలు ఆవుల గర్భంలో పెట్టినవన్నీ మూడో నెలలోపే ఈసుకుపోయాయి. మిగిలిన వాటిని ఉమ్మసంచిలో పెంచారు. మొదటి దూడ నెలలు నిండేదాకా పెరిగింది, ముహూర్తానికి బయటికి తీశారు, నాలుగు ఎగశ్వాసలు పీల్చి పోయింది. రెండోదాన్నీ ముహూర్తానికే తీశారు. అది సాయంత్రం దాకా ప్రసూన ఒళ్ళో తల పెట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుని, తెరుచుకోని ఊపిరితిత్తులతోనే పోయింది. ఇప్పుడున్నది మూడోది. దీని తరవాత ఇంకో పిండం లేదు, పిండం చేయడానికి ఇంకో కణం లేదు. ఇది పోతే పొట్టెర్ర అనే మాట పాత ఫొటోల కింద మిగలాల్సిందే.

అందుకే ప్రసూన డైరెక్టరు గదిలోకి అనుమతి అడక్కుండా వెళ్ళింది.

పరాంకుశం గారు చెడ్డమనిషి కాదు. ఈ పని మూతపడకుండా ఇన్నేళ్ళు ఢిల్లీ చుట్టూ తిరిగింది ఆయనే. కాకపోతే ఆయన దేవుణ్ణీ నమ్ముతారు, కమిటీలనీ నమ్ముతారు. ఇద్దరిలో ఎవరికీ కోపం రాకుండా చూసుకుంటారు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. తరవాత సొరుగు లాగి, ఆమె రాసిన పరిశోధన పత్రాన్నే తీసి ఆమె ముందు పెట్టారు.

పాతికేళ్ళుగా ప్రసూన ప్రచురించిన పత్రాలన్నిటి సారం ఒకటే. కాన్పు ఎప్పుడన్నది తల్లి నిర్ణయించదు, దూడ నిర్ణయిస్తుంది. నెలలు నిండి, ఇక బయట బతకగలను అనుకున్నప్పుడు దూడ ఒంట్లో కార్టిసాల్ అనే రసం పొంగుతుంది. ఆ రసమే దాని ఊపిరితిత్తుల్ని గాలికి సిద్ధం చేస్తుంది, ఆ రసమే తల్లి గర్భానికి కబురు పంపుతుంది. ప్రసూన దాన్ని దూడ పిలుపు అంటుంది. గొర్రెల్లో మొదట తెలిసిన ఈ సంగతిని మేకల్లో, ఆవుల్లో, గేదెల్లో ఓపిగ్గా కొలిచి రాసింది. దేశదేశాల వాళ్ళు ఆమె లెక్కల్ని వాడుకున్నారు. అలాంటి మనిషే, సంచిలోని రెండు దూడల రక్తం రోజూ పరీక్షించి, రెండింటిలోనూ ఆ రసం పొంగకపోవడం చూసి, కిందటేడు అచ్చేసిన పత్రంలో ఇలా తేల్చింది: సంచిలో పెరిగిన దూడకు పిలిచే శక్తి ఉండదు.

ఆ వాక్యం కింద డైరెక్టరు గారు ఎర్రసిరాతో గీత గీసుకున్నారు.

"దూడ పిలవదని రాసింది నువ్వేనమ్మా. అది పిలవనప్పుడు ఎవరో ఒకరం రోజు చూడాలిగా. చూసేదేదో మంచిరోజు చూస్తే నీకొచ్చిన నష్టమేంటి?"

తను రాసిన మాటే తన నోరు నొక్కుతుంటే ఇక ఎవర్ననుకుని ఏం లాభం. ప్రసూన లేచి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఇంకో ముహూర్తం ఎదురైంది. కూతురు లహరి తొలికాన్పుకి పుట్టింటికొచ్చి నెల కావస్తోంది. సుభద్రమ్మ, దూడకి ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారి దగ్గరికే మనిషిని పంపించి, అమావాస్య వెళ్ళాక వచ్చే శుక్రవారం పంచమి నాడు మనవరాలికి ఆపరేషన్ ఖాయం చేసేసింది. ఒంగోల్లో ఆసుపత్రి వాళ్ళు సరేనన్నారు. లహరికి నెలలు నిండటానికి ఇంకా రెండు వారాల పైనే ఉంది. బిడ్డ అడ్డం తిరగలేదు, తల్లికి బీపీ లేదు. కొయ్యడానికి కారణం పంచాంగంలో తప్ప ఇంకెక్కడా లేదు.

లహరి వరండాలో కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. తల్లి మొహం చూసి ఏమైందని అడిగింది. ప్రసూన దూడ సంగతి మొదలుపెట్టి, చెబుతున్నకొద్దీ గొంతు పెంచేసింది. లహరి చివరిదాకా విని, పొట్ట మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా అంది.

"దూడ కోసం డైరెక్టరు మీదికి కూడా పోతావు. నాకోసం మాత్రం నాయనమ్మ ముందు నోరెత్తవేంటమ్మా?"

ప్రసూన కూతురి కళ్ళలోకి చూడలేకపోయింది. దూడల డాక్టరువి, మనుషుల సంగతి నీకేం తెలుసని ఆ ఇంట్లో ఆమెకి ఎన్నిసార్లు చెప్పారో. వినీ వినీ అదే నిజమనుకుని ఊరుకోవడం అలవాటైపోయింది. కూతురు అడిగాక గానీ ఆ అలవాటు ఎంత సిగ్గుమాలినదో ఆమెకి తెలియలేదు.

భోజనాల దగ్గర సుభద్రమ్మ గ్లాసెత్తి రెండు గుక్కలు తాగి, మొహం చిట్లించి కింద పెట్టింది. కనిగిరి చుట్టుపక్కల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఎముకల్ని వంచేసే నీళ్ళవి. అందుకని ప్రతి ఇంట్లోనూ మిషనులో వడగట్టిన నీళ్ళే. ప్రతి ఇంట్లోనూ ఆ నీళ్ళని తిట్టే ముసలావిడ ఒకరు ఉంటారు.

"ఈ నీళ్ళు ఎంత తాగినా దాహం తీరదేందే? చెడ్డది పోవాలంటే పోనీ. మంచిదేం చేసిందంట? ఉన్న సారమంతా కడిగి కాలవలో పోస్తండాడు ఆ మిషనోడు."

ప్రసూన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్తగారి మొహంలోకి అలా చూస్తూ కూర్చుంది. దూడ రక్తం ఆమె రోజూ చూసింది. పంపు వడగట్టి పారబోసే నీళ్ళని ఒక్కరోజైనా చూసిందా?

మర్నాడు పొద్దున్నే జిలానీని పట్టుకుంది. రెండో దూడ నాటి వడపోత నీళ్ళు దాచావా అని అడిగింది. దాచాడు. తన వడపోత ఎంత శుభ్రంగా పనిచేస్తోందో చూసుకోవడానికి రోజుకొక సీసా ఫ్రీజర్లో పెట్టుకోవడం అతనికి అలవాటు. మురికి ఎంత పోయిందో కొలిచాడు గానీ, మురికి కానిది ఏం పోయిందో ఎన్నడూ కొలవలేదు. ఇద్దరూ ఆ సీసాలన్నీ కరిగించి పరీక్షకి పెట్టారు.

మధ్యాహ్నానికి తెర మీద గీత వచ్చింది. మొదట నేలబారుగా నడిచింది. రెండో దూడని బయటికి తీయడానికి చాలా రోజుల ముందు మెల్లగా తలెత్తింది. తరవాత కొండ ఎక్కినట్టు నిటారుగా పైకి పోయింది. తీసిన రోజున గీత తెర అంచు దాటిపోయి ఉంది. ఆ రసమంతా దూడ ఒంట్లో పుట్టింది, పుట్టింది పుట్టినట్టే వడపోతలో కొట్టుకుపోయింది. ఊపిరితిత్తుల దాకా చుక్క చేరలేదు.

"అది పిలస్తానే ఉంది మేడమ్," అన్నాడు జిలానీ. "పిలిచిందాన్ని పిలిచినట్టు నేను కాలవలో పోశాను."

అతను అక్కడే నేలమీద చతికిలబడిపోయాడు. జిలానీది ఫ్లోరైడు ఊరు. వాళ్ళ నాన్న నలభై దాటకముందే నడుము వంగిపోయి, ఆకాశం చూడాలంటే మంచమ్మీద వెల్లకిలా పడుకునేవాడు. చిన్నప్పటి నుంచీ జిలానీకి తెలిసిందల్లా ఒకటే: నీళ్ళలో ఏదీ మిగలకూడదు. ఎక్కడెక్కడి పుస్తకాలో చదివి, ఏ దేశం వాడూ కట్టనంత గట్టి వడపోత కట్టాడు. ఆ వడపోత చూసి ప్రసూన కూడా ఎంత మెచ్చుకుందో.

ఆమె అతని పక్కనే కూర్చుంది. "నువ్వు మీ నాన్నని తలుచుకుని కట్టావు. నేను రక్తం చూశాను గానీ కాలవ చూడలేదు. దీంట్లో నీ తప్పెంతో నాదీ అంతే. ఇప్పుడు చెప్పు, వడపోత వదులు చెయ్యగలవా?"

వదులు చేస్తే ఆ రసంతో పాటు కొంత మురికి కూడా రక్తంలో మిగులుతుంది. ఎక్కువ మిగిలితే దూడ లోపలే చచ్చిపోతుంది. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

"నా చేత్తో దానికి మురికినీళ్ళు తాగించమంటారు," అన్నాడు జిలానీ.

"అన్ని ఆవులూ తమ దూడలకి కొంచెం మురికే ఇస్తాయి జిలానీ. అంత శుభ్రమైన తల్లి లోకంలో లేదు."

అతను లేచి పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు.

ప్రసూన ఈసారి డైరెక్టరు గదికి గీత అచ్చుతీసిన కాగితం పట్టుకుని వెళ్ళింది. ఎర్రసిరా గీత ఉన్న పత్రం ఇంకా బల్లమీదే ఉంది. ఆ వాక్యం తప్పని, ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, తప్పెక్కడ జరిగిందో తనే రాసి అచ్చేయిస్తానని చెప్పింది. ఈ మూడో దూడ వడపోత నీళ్ళూ చూశానని, ఇది ఇంకా పిలవలేదని, బుధవారం తీస్తే కచ్చితంగా చచ్చిపోతుందని కూడా చెప్పింది. పరాంకుశం గారు గీత వైపు చూశారు, పత్రం వైపు చూశారు. దాని మీద రాసినవాళ్ళ పేర్లలో చివరిది ఆయనదే.

"వెనక్కి తీసుకుంటే నా పేరూ పోతుంది కదమ్మా."

"పోతుంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. రెండో దూడ పోయిన సాయంత్రం ఆయన కూడా ఆ గదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆ తరవాత వారం రోజులు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ప్రసూన ఆ సంగతి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు.

"పోతే పోనీలే," అన్నారు చివరికి. "మంత్రిగారికి మాత్రం బుధవారంలోపల నిజం ఎక్కించడం నావల్ల కాదు. ఆయన్ని రానీ. ఏదో ఒకటి చేసి పంపించేద్దాం."

అలాగే చేశారు. మంత్రిగారు వచ్చారు. ఉమ్మసంచికి దండ వేయబోతే జిలానీ అడ్డుపడి అద్దం తలుపుకి వేయించాడు. కొబ్బరికాయ కొట్టారు, దేశవాళీ ఆవుల మీద ప్రసంగించారు, దూడ ఏదని అడిగారు. అదిగో, తేలుతోంది కదండీ అన్నారు పరాంకుశం గారు, మొహంలో ఏ భావమూ లేకుండా. మర్నాడు జిల్లా పేపర్లో 'మంత్రి వచ్చారు, దూడ రాలేదు' అని పెద్దక్షరాలతో వేసి నవ్వుకున్నారు.

ఆ పేపరు చదివి సుభద్రమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు అయ్యాక ప్రసూన, ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి, అత్తగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. లహరికి శుక్రవారం ఆపరేషన్ వద్దత్తయ్యా అంది. బిడ్డ తనంతట తను పిలిచేదాకా ఆగుదామంది. కాలవలో పోయిన పిలుపు గురించి చెప్పింది. లహరి తలుపు దగ్గర నిలబడి వింటోంది. సుభద్రమ్మ నవ్వు ఆరిపోయింది.

"రెండు దూడల్ని చంపుకున్నదానివి, నా మనవరాలికి నువ్వు చెప్తావా? పో, ముందు దాన్ని బతికించి నాకు చూపించు. అప్పుడింటా."

ఆ మాట ప్రసూనకి గుండెలో గుచ్చుకుంది. కానీ అందులో అన్యాయం ఏమీ కనిపించలేదు. బట్టలు రెండు జతలు సంచిలో కుక్కుకుని కేంద్రానికి వెళ్ళిపోయింది.

గురువారం దూడ మందగించింది. వడపోత వదులు చేశాక రక్తంలో మురికి పెరుగుతూ వచ్చింది. ఎప్పుడూ కాళ్ళు తన్నుకునేది కాస్తా ఊరికే తేలుతూ ఉండిపోయింది. జిలానీ చెయ్యి అస్తమానూ వడపోత మర మీదికి పోయేది; మళ్ళీ బిగించేద్దాం మేడమ్ అన్నట్టు చూసేవాడు. ప్రసూనకీ అదే అనిపించేది. భయం వేసింది, చాలా భయం వేసింది. ఆమె తన పాత పత్రాలన్నీ మనసులో తిరగేసుకుంది. ఎన్ని వందల దూడలని కొలిచింది తను! ఒక్కటంటే ఒక్కటి తొందరపడలేదు, ఒక్కటీ మర్చిపోలేదు. ఇదీ ఆవుదూడే. లచ్చి దూడ, లచ్చి అంత మొండిది. మర ముట్టుకోవద్దని చెప్పింది.

శుక్రవారం గీత కొంచెం తలెత్తింది. శనివారం ఇంకొంచెం. ఈసారి కాలవలో కాదు, రక్తంలో. జిలానీ ఆ గీతని వేలితో తడిమి చూశాడు, తెర మీద గీతని తడిమితే ఏం తెలుస్తుందో అతనికే తెలియాలి.

ఆదివారం అమావాస్య. మంచిరోజు వెతికేవాళ్ళెవరూ దాని వైపు చూడరు. ఎండ వాలుతుండగా కేంద్రం గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి సుభద్రమ్మ క్యారియర్ పట్టుకుని దిగింది, వెనకే లహరి ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని దిగింది. కోడలు ఇంటికి రాక మూడు రోజులైంది. అది అక్కడ పస్తులు పడుంటుందని సుభద్రమ్మకి గట్టి నమ్మకం. ఇద్దర్నీ అద్దం బయట కుర్చీల్లో కూర్చోబెట్టారు. మంత్రిగారి దండ ఎండిపోయి ఇంకా తలుపుకే వేలాడుతోంది.

అప్పుడు సంచిలో దూడ ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుంది.

తెర మీద గీత అంచు దాటింది. ముందరి కాళ్ళు రెండూ చాచి, వాటి మధ్య మోర పెట్టుకుని, ఆవు కడుపులో దూడలు ఎలా తిరుగుతాయో అలాగే, ఎవరూ నేర్పకుండానే తిరిగింది. ఆ తిరగడం చూసేసరికి ప్రసూనకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పత్రాల్లో ఎన్నిసార్లు రాసిందో ఆ మాటని. దూడ పిలుస్తుంది. పిలిచింది.

"పిలిచింది జిలానీ," అంది. "రానీ."

జిలానీ సంచిని నొప్పుల్లాగే వంతుల వారీగా బిగించాడు, వదిలాడు, బిగించాడు. ఉమ్మనీరు వెచ్చగా నేలంతా పారింది. ప్రసూన మోచేతుల దాకా చేతులు పెట్టి కాళ్ళు అందుకుంది. దూడ జారి ఆమె ఒళ్ళో పడింది. పంపు ఆపేశారు. పది నెలలుగా ఆగని పంపు ఆగేసరికి గది చెవులు గింగురుమనేంత నిశ్శబ్దమైంది.

దూడ కదల్లేదు. పరాంకుశం గారు గుమ్మంలో నిలబడి చేతులు జోడించారు, దేవుడికో కమిటీకో. ప్రసూన ముక్కురంధ్రాలు తుడిచింది, పక్కటెముకల మీద అరచేత్తో రుద్దింది. రెండో దూడ డొక్కలు ఎలా లోపలికి పీక్కుపోయాయో ఆ చేతికి ఇంకా గుర్తుంది.

ఈ డొక్కలు పైకి లేచాయి. లేచి, నిండి, దిగాయి. మళ్ళీ లేచాయి. దూడ తుమ్మింది. తుమ్మి, తల దులపరించుకుని, చెవులు టపటపలాడించుకుని, గొంతు చించుకుని అరిచింది. అద్దం బయటికి కూడా వినిపించేంత అరుపు. ఇందాకటి పిలుపు గీతలో చూశారు, ఈ పిలుపు చెవులారా విన్నారు. జిలానీ గోడ వైపు తిరిగి ఏడ్చేశాడు.

వెనకటి రెండు దూడల్నీ పుట్టగానే మందునీళ్ళతో తళతళా కడిగారు, దగ్గరికి తోలితే ఏ ఆవూ వాసన చూడలేదు. ఈసారి కడగొద్దంది ప్రసూన. ఆ జిగటతో, ఆ తడితో, అలాగే పక్కషెడ్డులోకి ఎత్తుకుపోయి, కొత్తగా ఈనిన నల్లావు ముందు దింపింది. నల్లావు ముందు తల విసిరింది. ఒక అడుగు వెనక్కి వేసింది. తరవాత మోర చాపి, గట్టిగా ఒక్కసారి వాసన పీల్చి, నాలుక తీసింది. తల నుంచి తోక దాకా నాకింది. యంత్రానికి రాని ఆ ఒక్క పనీ అది చేస్తుంటే, దూడ వెనక కాళ్ళ మీద లేచి, పడి, లేచి, వణుకుతూ నిలబడి, పొదుగు వెతుక్కుంది. నల్లావు పాలు చేపింది. దూడ మూతి చుట్టూ పసుప్పచ్చటి జున్నుపాల నురగ కట్టింది.

షెడ్డులో అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పరాంకుశం గారు ఢిల్లీకి ఫోను చేసి, దాన్ని గాల్లోకి ఎత్తి దూడ చప్పరిస్తున్న చప్పుడే వాళ్ళకి వినిపించారు. తప్పయిన పత్రం వెనక్కి పోతుంది, దాని చోట కొత్త పత్రం వస్తుంది, అందులో వడపోత సంగతి రాసే చోట జిలానీ పేరు ముందుండాలని ప్రసూన అప్పుడే తేల్చి చెప్పేసింది.

సుభద్రమ్మ ఎప్పుడు లోపలికొచ్చిందో ఎవరూ చూడలేదు. లహరి భుజం పట్టుకుని దూడ పక్కన నిలబడి ఉంది.

"ఏ టైముకి పుట్టిందే?" అని అడిగింది కోడల్ని. "అమావాస్య, ఆదివారం, పైగా సాయంత్రం. రాహుకాలంలో పడిందేమో."

ప్రసూన జిలానీ వైపు చూసింది. జిలానీ డైరెక్టరు వైపు చూశాడు. గడియారాలు నాలుగున్న గదిలో, ప్రతి చుక్కకీ లెక్క రాసే మనుషుల్లో, ఒక్కరూ సమయం చూడలేదు.

"చూళ్ళేదత్తయ్యా," అంది ప్రసూన.

దూడ పాలు తాగుతూ తోక ఊపుతుంటే సుభద్రమ్మ చూస్తూ నిలబడింది. తరవాత మనవరాలి వైపు తిరిగి, ఒంగోలు ఆసుపత్రికి ఫోను చేసి శుక్రవారం రామని చెప్పమంది. ఎప్పుడొస్తారని అడిగితే ఏం చెప్పను నాయనమ్మా అని లహరి అడిగింది. లోపలున్నది పిలిచినప్పుడొస్తామని చెప్పమంది సుభద్రమ్మ. ఆ మాట తనే కనిపెట్టినంత ధీమాగా చెప్పింది. లహరి తల్లి చెయ్యి పట్టుకుని నొక్కింది. ప్రసూన ఆ చేతిని వదల్లేదు.

సుభద్రమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగింది. దూడ ఎడమ చెవి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అంచు పొడుగునా తడిమింది. మళ్ళీ తడిమింది.

"లచ్చే. ముమ్మూర్తులా లచ్చే. చెవికి గాటేది మరి?"

"గాటు పుట్టుకతో రాదత్తయ్యా. కోస్తేనే వస్తుంది."

ఆ నిండు చెవిని సుభద్రమ్మ చాలాసేపు వదల్లేదు. లేచి నిలబడ్డాక పైటచెంగుతో మొహం తుడుచుకుని, కోడల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. మోచేతుల దాకా జిగట, చీరంతా ఉమ్మనీరు, మూడు రోజుల నిద్రలేని కళ్ళు.

"కోసుకుపోయిన చెవి తెచ్చిచ్చావు," అంది. "ఇంక చేతులు కడుక్కో. అన్నం తిందువు రా."

ప్రసూనకి అప్పుడు ఆకలి వేసింది.